ఎరుక చెప్పే నోరు, ‘అలవాటు’ అనే సాక్ష్యం

మన సాహిత్యంలో ఎరుకలసాని అబద్ధం చెప్పదు. చంకన బుట్ట, చేతిలో కర్రతో నగరి వాకిట్లోకి వచ్చి, రాజు కూతురి చెయ్యి పట్టుకుని, ఆమె మనసులో ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. వైద్యులకూ పురోహితులకూ అంతుపట్టని జబ్బు ఆమెకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. పోలీసు రాతల్లో ఆ ఎరుకల స్త్రీయే ఎన్నడూ నిజం చెప్పదు. ఆమె బుట్టా సాకే, ఆమె జోస్యమూ సాకే. గడపలో కూర్చున్నంతసేపూ ఆమె కళ్ళు ఇంట్లో పెట్టెలెక్కడున్నాయో, మగవాళ్ళు ఎంతమంది ఉన్నారో వెతుకుతుంటాయని ఆ రాతలు అంటాయి. మనిషి ఒకరే, చేసే పని ఒకటే, పాఠ్యాలు రెండు. ఈ రెండు పాఠ్యాల మధ్య దూరం ఎంత? కావ్యం గౌరవించింది, చట్టం అవమానించింది అని మనం సరిపెట్టుకుంటాం. అంత దూరం లేదని చెప్పడానికే ఈ వ్యాసం.

యక్షగానాల్లో స్త్రీ పాత్రల మీద నేను డాక్టరేటు చేశాను. అనంతపురంలో ఉండి ఆ పని చేయడం వల్ల పుస్తకంలోని ఎరుకలసాని వారసురాళ్ళు నాకు బయట కూడా కనబడుతూ వచ్చారు. ఊరి చివర కొట్టాల దగ్గర తట్టలు అల్లుతూ, కోర్టు ఆవరణలో చెట్టు కింద వాయిదా కోసం కాచుకుని కనబడ్డారు. జాతి, వర్గం, జెండర్ మూడూ కలిసి ఒక మనిషిని నేరస్తురాలిగా ఎట్లా తయారుచేస్తాయో అమెరికాలో ఏంజెలా డేవిస్ లాంటి నల్లజాతి స్త్రీవాదులు రాశారు. అవి చదివినప్పుడు, జాతి అన్నచోట కులం అని పెట్టుకుంటే మనకూ సరిపోతుందని చాలామందిమి అనుకున్నాం. నిజానికి మన దగ్గర జాతి సిద్ధాంతం కులం గుండానే చట్టంలోకి నడిచి వచ్చింది. ఆ నడిచిన దారుల్లో ఒకటి ఈ కరువు నేల మీద కూడా ఉంది.

వేషం వెనక దేవుడు

తెలుగు యక్షగానాల్లో ఎరుకత, సింగి, సింగడు బాగా పరిచయమైన పాత్రలు. తమిళ కురవంజికీ మన యక్షగానానికీ ఉన్న చుట్టరికం గురించి సాహిత్య చరిత్రకారులు చాలా చర్చించారు. ఆ చర్చ దాదాపుగా ప్రక్రియ పుట్టుక చుట్టూ, ఛందస్సు చుట్టూ తిరిగింది. ఆ పాత్ర మాటకు విలువ ఎక్కడినుంచి వస్తోందన్న ప్రశ్న వెనకబడిపోయింది.

వెంకటేశ్వరుడి పెళ్ళి కథ తీసుకోండి. పద్మావతి మీద మనసుపడిన శ్రీనివాసుడు సోదె చెప్పే ఆడమనిషి వేషంలో ఆకాశరాజు నగరికి వెళతాడు. కూతురి దిగులు ఏమిటో తల్లి ధరణీదేవికి చెబుతాడు. పెళ్ళికి దారి పడుతుంది. సీమలో ఈ కథ తెలియని ఇల్లుండదు. 1960లో వచ్చిన ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ సినిమా దాన్ని మిగతా తెలుగునేల అంతటికీ మరోసారి చేరవేసింది. ఈ కథలో ఎరుక నిజమవుతుంది, ఎందుకంటే చెబుతున్నది ఎరుకల స్త్రీ కాదు. బుట్ట వెనక దేవుడున్నాడు. వేదిక మీద ఆ వేషం కట్టినవాడూ మగవాడే. ఎరుకల స్త్రీ మాటను, యాసను, బుట్టను తీసుకుని, ఆమెను మాత్రం బయట నిలబెట్టిన కథ ఇది. ఆమెకు దక్కిందనుకుంటున్న గౌరవం నిజానికి ఆమె వేషానికి దక్కింది.

వేషం కాని ఎరుకల స్త్రీ, అంటే సింగి, ఏ స్థితిలో ఉంటుంది? పద్దెనిమిదో శతాబ్దపు ‘తిరుక్కుట్రాల కురవంజి’ చివర్లో సింగడు చాలా రోజులకు కలిసిన భార్యను నిలదీస్తాడు. కాలికి ఇదేమిటి, చేతికి అదేమిటి, ఎక్కడివి, ఎవరిచ్చారు అని ఒక్కొక్క నగ గురించీ అడుగుతాడు. ఎరుక చెప్పినందుకు ఫలానా దేశంలో ఇచ్చారని ఆమె ఒక్కొక్కదానికీ జవాబు చెబుతుంది. మన సింగి సింగళ్ళ తగువుకు ఇది పొరుగు రూపం. ఇది హాస్య సన్నివేశం, జనం నవ్వుకునే చోటు. కానీ ఇప్పుడు చదివితే ఇది ఒక విచారణ. సంపాదించిన ఆడదాన్ని రెండు అనుమానాలు ఒకేసారి చుట్టుకుంటాయి: దొంగిలించావా, ఒళ్ళమ్ముకున్నావా? ఊళ్ళు తిరిగి, తన మాటతో తాను సంపాదించుకుందన్న మూడో జవాబును నమ్మించడానికి ఆమె అన్ని దేశాల పేర్లూ అప్పజెప్పాల్సి వస్తుంది. ఈ రెండు అనుమానాలూ తర్వాత చట్టంలోకి వెళ్ళాయి. అక్కడ వాటిని విని నవ్వేవాళ్ళు లేరు.

ఉప్పు బుట్ట

ఎరుకలవాళ్ళలో ఒక శాఖను ఉప్పు ఎరుకల అంటారు. కోస్తా నుంచి ఉప్పు మెట్ట ప్రాంతాలకు మోసుకొచ్చి, తిరుగు దారిలో ధాన్యం తీసుకుపోయే వర్తకం వాళ్ళది. సుగాలీలు ఎద్దుల మందలతో ఇటువంటి రవాణానే మరింత పెద్ద ఎత్తున చేశారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువడ్డ తన పుస్తకంలో మద్రాసు ప్రెసిడెన్సీ ఎరుకలవాళ్ళ కథను ఈ ఉప్పు నుంచే మొదలుపెడుతుంది. రైలు వచ్చింది. మద్రాసు నుంచి రాయచూరు దారి గుత్తి, గుంతకల్లు మీదుగా పడింది. ప్రభుత్వం ఉప్పును తన గుప్పిట్లో పెట్టుకుంది. 1876–78 కరువు ఈ పీఠభూమిని పిండేసింది. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. విడి జిల్లా అయింది 1882లో. మద్రాసు అటవీ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. వెదురు, ఈత, తంగేడు మీద బతికేవాళ్ళకు అడవి కూడా దూరమైంది.

వర్తకం పోయాక వర్తకుల తిరుగుడు మాత్రం మిగిలింది. సరుకు లేకుండా తిరిగే మనిషిని ప్రభుత్వం ఏమని పిలవాలి? 1871లో ఉత్తర భారతానికి నేరస్త జాతుల చట్టం చేసినప్పుడే జవాబు తయారై ఉంది. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, కాబట్టి దొంగ కొడుకు దొంగ అవుతాడన్న తర్కం ఆ చట్టానికి పునాది. ఐరోపాలో నేరం రక్తంలో ఉంటుందని అదే కాలంలో వాదిస్తున్నారు. ఇక్కడ రక్తం అన్న మాటకు బదులు కులవృత్తి అన్నారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ కులాల వారీగా ముక్కుల పొడవు వెడల్పులు కొలిచాడు, పోలీసు అధికారులకు మానవశాస్త్ర పాఠాలు చెప్పాడు, 1909లో కె. రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అంతకుముందే, 1892లో, మలలీ అనే పోలీసు అధికారి మద్రాసు ప్రెసిడెన్సీ ‘నేరస్త వర్గాల’ మీద పుస్తకం రాశాడు. ఈ రకం రాతల్లో తిరిగి తిరిగి వచ్చే వాక్యం ఒకటుంది: వీళ్ళ ఆడవాళ్ళు బుట్టలమ్మే నెపంతో, జోస్యం నెపంతో ఇళ్ళు చూసి వస్తారు. సింగణ్ణి వదిలించుకున్నా సింగికి విచారణ తప్పలేదు.

1911లో ఆ చట్టం మద్రాసుకు వచ్చింది. ఒక తెగ, ఒక ముఠా, ఒక వర్గం నేరాలకు ‘అలవాటుపడింది’ అని ప్రభుత్వం నమ్మితే చాలు, ఆ తెగలో పుట్టిన ప్రతి ఒక్కరినీ నమోదు చేయవచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు, హాజరు వేయించవచ్చు, ఒకచోట కట్టిపడేయవచ్చు. ఆ నమ్మకాన్ని కోర్టులో సవాలు చేసే వీలు లేదు. ఆరేళ్ళు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారం కూడా చట్టమే ఇచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటును సాల్వేషన్ ఆర్మీ నడిపింది. అక్కడి ఆడవాళ్ళకు చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని చూపించారు. మీనా రాధాకృష్ణ చెప్పే ముఖ్యమైన మాట ఇక్కడుంది. సంచారంలో ఉన్నప్పుడు ఎరుకల స్త్రీకి తన బేరం, తన రాబడి, తన మాటకు ఒక విలువ ఉండేవి. సెటిల్మెంటు ఆమెకు ‘కుటుంబ జీవితం’ నేర్పుతానన్న పేరుతో అవన్నీ తీసేసింది. ఆమెను సంస్కరించడమంటే కూర్చోబెట్టడమే.

ఈ సెటిల్మెంటు మన సాహిత్యంలోకి రాలేదని కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లోనే ‘మాలపల్లి’లో దాన్ని చూపించాడు. ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది కూడా. జాషువా కూతురు హేమలతా లవణం 1970లలో స్టూవర్టుపురంలో పనిచేసింది, ఆ అనుభవాన్ని ‘నేరస్తుల సంస్కరణ’ పేరుతో రాసింది. ఒక స్త్రీ ఆ ఇళ్ళలోకి వెళ్ళి, ఆ మనుషులతో కూర్చుని మాట్లాడి రాయడం చిన్న విషయం కాదు. ఆమె శ్రమ మీద నాకు గౌరవం ఉంది. అయినా పుస్తకం పేరు దగ్గర ఆగి ఆలోచించాలి. సంస్కరణ అనే మాట నేరం రుజువైపోయిందనుకునే చోట మొదలవుతుంది. ఒక తెగ మొత్తం మీద రాజ్యం చేసిన నేరానికి ఎవరు సంస్కరణ పొందాలన్న ప్రశ్నకు ఆ మాటలో చోటు లేదు.

ఒకే మాట, రెండు శరీరాలు

1952 ఆగస్టు 31న నేరస్త జాతుల చట్టం దేశమంతటా రద్దయింది. వాళ్ళు విముక్త జాతులయ్యారు. అయితే మద్రాసులో 1948 నాటికే ‘అలవాటు నేరస్తుల’ చట్టం తయారైంది. ఆంధ్రప్రదేశ్ 1962లో తనది తాను చేసుకుంది. తెగ పోయి వ్యక్తి వచ్చాడు, అలవాటు మాత్రం ఉండిపోయింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 110వ సెక్షన్, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 129, అలవాటుగా దొంగతనం చేసేవాడు అనిపించిన మనిషి దగ్గర మంచి నడవడికకు జామీను అడగవచ్చంటుంది. ఏ నేరం చేశాడన్నది అక్కడ అవసరం లేదు, ఎలాంటివాడన్నది చాలు. పోలీసు స్టేషన్లలో ‘నోన్ డెప్రెడేటర్’ అని రాసుకున్న మాటను కుదించి కేడీ అన్నారు. ఇవాళ పిల్లల్ని ముద్దుగా తిట్టడానికి కూడా వాడుతున్న ఆ మాట వెనక ఎన్ని కుటుంబాల పేర్లున్న రిజిస్టర్లున్నాయో మనకు గుర్తు లేదు.

ఇక ‘అలవాటు’ రెండో ప్రయాణం చూద్దాం. 1972లో మహారాష్ట్రలోని ఒక పోలీసు స్టేషన్లో మధుర అనే ఆదివాసీ బాలిక మీద ఇద్దరు పోలీసులు అత్యాచారం చేశారు. విచారణ జరిపిన సెషన్స్ కోర్టు ఆమె సంభోగానికి ‘అలవాటుపడిన’ మనిషి అంటూ నిందితుల్ని వదిలేసింది. హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు మళ్ళీ వదిలేసింది. 1979లో ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగమ్వార్, రఘునాథ్ కేల్కర్ ఆ తీర్పు మీద రాసిన బహిరంగ లేఖ నుంచి మన ఉద్యమంలో ఒక దశ మొదలైందని అందరికీ తెలుసు. నేను చూడమంటున్నది ఆ ఒక్క మాటను. నేరస్త జాతుల చట్టంలో ఎరుకలవాళ్ళకు తగిలించిన మాట, మధుర కేసులో ఆమె శరీరానికి తగిలించిన మాట ఒకటే. రెండుచోట్లా అది చేసే పని కూడా ఒకటే. ఆ రోజు ఏం జరిగిందన్న ప్రశ్నను పక్కకు నెట్టి, ఈ మనిషి ఎలాంటిదన్న ప్రశ్నను ముందుకు తెస్తుంది. మొదటి ప్రశ్నకు సాక్ష్యం కావాలి. రెండోదానికి కులం, బీదతనం, ఆడతనం సరిపోతాయి.

మధుర తీర్పు వచ్చిన 1978లోనే హైదరాబాదులో రమీజాబీ కేసు జరిగింది. సినిమా చూసి తిరిగి వస్తున్న ఆమెను నల్లకుంట స్టేషన్లో పోలీసులు చెరిచారు. ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్, వాళ్ళ దెబ్బలకు చనిపోయాడు. ఊరు అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల వాదన దాదాపుగా ఆమె పెళ్ళిళ్ళ మీద, నడవడిక మీద నడిచింది. ఆమె వేశ్య అని నిరూపిస్తే చాలు, మిగతాది దానంతటదే తేలిపోతుందన్న నమ్మకం అది. కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టింది. అయినా విచారణ రాష్ట్రం దాటి రాయచూరుకు వెళ్ళింది, 1981లో నిందితులు విడుదలయ్యారు. ఆ కోపంలోంచి స్త్రీశక్తి సంఘటన పుట్టింది. రమీజాబీ ముస్లిం, బీద, ఆడమనిషి. ఈ మూడూ కలిసి ఆమె నోటిలోని మాటను అబద్ధం చేశాయి. మొదట ఒకటి, తర్వాత ఒకటిగా కాక, ఒకేసారి చేశాయి.

చట్టం కొంత కదిలింది. అత్యాచారం కేసులో ఫిర్యాదుదారు ‘అనైతిక నడవడిక’ను ఎత్తిచూపే వీలునిచ్చిన సాక్ష్య చట్టం నిబంధనను 2003లో తొలగించారు. రెండువేళ్ళ పరీక్షను సుప్రీంకోర్టు 2013లో తప్పుపట్టింది, 2022లో దాన్ని చేసేవాళ్ళను దుష్ప్రవర్తన కింద జవాబుదారీ చేసింది. స్త్రీ శరీరం మీది అలవాటు ముద్రను చెరపడానికి అన్నేళ్ళు పట్టింది, అది సాధించింది స్త్రీలే. తెగ మీది ముద్ర కోసం మనం అంత పోరాడలేదు. అది మన సమస్య అనిపించలేదు.

చరిత్ర, హిస్టరీ షీటు

అలవాటు ఎవరికి ఉంటుందో తెలుసుకోవాలంటే ఎవరికి ఉండదో చూడాలి. దానికి మా జిల్లా కంటే మంచి ఉదాహరణ లేదు. తాత కాలం నాటి చంపుడు తండ్రి కాలానికి, అక్కణ్ణుంచి కొడుకు కాలానికి దిగివచ్చిన కుటుంబాలు రాయలసీమలో ఉన్నాయి. వంశపారంపర్యం అన్న మాట ఎక్కడైనా అక్షరాలా వర్తిస్తుందంటే అక్కడే. కానీ దాన్ని జాతి గుణం అని ఎవరూ అనలేదు. పగ అన్నారు, పౌరుషం అన్నారు, ఫ్యాక్షన్ అన్నారు. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఇంద్ర’ (2002) దాన్ని వీరగాథ చేశాయి. 2010లో వచ్చిన సినిమాకు ‘రక్తచరిత్ర’ అనే పేరు పెట్టారు. భూమీ కులమూ ఉన్నవాడికి చరిత్ర ఉంటుంది. ఎరుకలవాడికి ఉండేది హిస్టరీ షీటు.

స్టూవర్టుపురాన్ని కూడా సినిమా వదల్లేదు. 1991 నాటి ‘స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్’ నుంచి 2023 నాటి ‘టైగర్ నాగేశ్వరరావు’ దాకా ఆ ఊరి దొంగ మగవాడికి అప్పుడప్పుడూ నాయకత్వం దక్కింది. ఆ ఊరి ఆడమనిషికి ఏ పాత్ర దక్కింది? రాత్రి హాజరుకు పిల్లణ్ణి ఎత్తుకుని నిలబడ్డ స్త్రీ కథ తెరకెక్కినట్టు నాకు గుర్తులేదు. పౌరుషం పంచిపెట్టేటప్పుడు మన కథకులు కులం గీత దాటగలిగారు, ఆడ మగ గీత దాటలేకపోయారు.

గడప దాటితే

కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్ళో ఈతపుల్లల తట్టలు అల్లే ఒక పెద్దామెను, ఎరుక చెప్పడం ఎప్పుడు మానేశారమ్మా అని అడిగాను. ఏ పాట పాడేవారో, ఏ దేవతను తలచుకునేవారో రాసుకోవాలని నా ఉద్దేశం. ఆమె చెప్పింది వేరే.

“శానా కాలమాయ పాపా. ఎరుక చెప్పేకి పోతే ఇండ్లు చూసేకి వచ్చిందంటారు. యా ఊర్లో ఎవురి సొమ్ము పోయినా జీపు మా కొట్టాలకాడికే వస్తాది. మొగోళ్ళు దొరక్కుంటే మమ్మల్ని కూచోబెడతారు. దొంగతనం చేసినావా అని అడగరు, ఎన్ని చేసినావు అనడుగుతారు.”

ఆ చివరి వాక్యంలో, నేను పైన ఇన్ని పేజీల్లో చెప్పిందంతా ఉంది. ఎన్ని అని అడగడమే అలవాటు చట్టం. మగవాళ్ళు దొరకనప్పుడు ఆడవాళ్ళను కూర్చోబెట్టడం గురించి కూడా చట్టంలో స్పష్టంగానే ఉంది. విచారణ కోసం స్త్రీని ఆమె ఇంటి దగ్గర తప్ప మరోచోటికి రమ్మనకూడదు. పాత కోడ్‌లో ఇది 160వ సెక్షన్, కొత్తదాంట్లో 179. ఆ రక్షణ ఇల్లున్న స్త్రీని ఊహించుకుని రాసింది. కొట్టాన్ని ఇల్లుగా ఎంచని చోట అది గడప దాటి లోపలికి రాదు.

కేసు పడ్డాక బెయిలు. బెయిలుకు ష్యూరిటీ కావాలి, ష్యూరిటీకి పాసుపుస్తకమో ఇంటిపన్ను రసీదో కావాలి. 1978లో మోతీరాం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఒక బీద తాపీమేస్త్రీకి పదివేల ష్యూరిటీ అడగడాన్ని, అన్న వేరే జిల్లావాడని అతని జామీను కాదనడాన్ని కడిగిపారేశాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లా మాది. వేరుశనగ పోయిన ఏడు సగం ఊరు బెంగళూరులో ఉంటుంది. అలాంటి చోట జామీను నిలబడేది ఎవరు? ఊళ్ళో ఉండిపోగలిగినవాళ్ళు. అంటే భూమి ఉన్నవాళ్ళు. ష్యూరిటీ కోసం వాళ్ళ వాకిట్లో నిలబడ్డ ఆడమనిషి ఏమేం ఇచ్చుకోవాల్సి వస్తుందో ఏ కేసు డైరీలోనూ ఉండదు.

ఈ కరువే కదిరి చుట్టుపక్కల (2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా) స్త్రీలను పని ఇప్పిస్తామన్న మనుషుల చేతికి, అక్కణ్ణుంచి దూర నగరాల వేశ్యాగృహాలకు అప్పగించింది. దాడిలో పట్టుబడితే వాళ్ళు బాధితులా, నిందితులా? 1956 నాటి అక్రమ రవాణా నిరోధక చట్టం ఎనిమిదో సెక్షన్ బహిరంగంగా పిలిచినందుకు స్త్రీకి మొదటిసారి ఆరు నెలల దాకా, మళ్ళీ పట్టుబడితే ఏడాది దాకా శిక్ష వేయవచ్చంటుంది. 1986 సవరణ ఆ సెక్షన్ కింద నేరం చేసిన మగవాడికి మూడు నెలలు మించకుండా చూసింది. అదే నేరం, అదే సెక్షన్. రెండోసారికి పెరిగే ఆ శిక్షలో కూడా ఉన్నది అలవాటు లెక్కే.

ఎవరి పేరు మీద న్యాయం

స్త్రీల పేరు మీద జరిగే న్యాయంలో ఈ అలవాటు లెక్క మరో రకంగా పనిచేస్తుంది. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఆయేషా మీరా హత్య జరిగింది. మరుసటి ఏడు సత్యంబాబు అనే దళిత యువకుణ్ణి నిందితుడిగా తెచ్చి నిలబెట్టారు. 2010లో యావజ్జీవం పడింది. ఇతను నేరస్తుడు కాడని చెబుతూ వచ్చింది ఎవరు? ఆయేషా తల్లి. కూతుర్ని పోగొట్టుకున్న ముస్లిం స్త్రీ, కాళ్ళు చచ్చుబడే జబ్బుతో ఉన్న ఒక దళిత యువకుడి తరఫున మాట్లాడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషి అంది. ఆ తల్లి మాట ముందే విని ఉంటే అతని ఏళ్ళు మిగిలేవి. స్త్రీకి న్యాయం, దళితుడికి న్యాయం ఒకదానికొకటి అడ్డమని వాదించేవాళ్ళకు ఆమె కంటే గట్టి జవాబు నాకు కనబడలేదు.

2019 నవంబరు చివర్లో తెలంగాణలో రెండు ఘోరాలు మూడు రోజుల తేడాలో జరిగాయి. ఒకటి ఆసిఫాబాద్ ప్రాంతంలో. ఊరూరా తిరిగి సరుకులు అమ్ముకునే బుడగజంగం స్త్రీని అత్యాచారం చేసి చంపారు. సమత అన్న పేరుతో ఆ కేసు నడిచింది. రెండోది హైదరాబాదు శివార్లలో, దిశ. దిశ కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు డిసెంబరు 6న కాల్చి చంపితే ఊళ్ళు పూలు చల్లాయి. అది ఎదురుకాల్పులు కాదని, చంపాలనే కాల్చారని, వాళ్ళలో ముగ్గురు మైనర్లని 2022లో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటపెట్టింది. సమత కోసం పూలు చల్లినవాళ్ళు లేరు. ఆమె భర్త, ఆమె కులంవాళ్ళు రోడ్డెక్కి అడిగితే ప్రత్యేక కోర్టు వచ్చింది, 2020 జనవరి 30న తీర్పు వచ్చింది. ఉరిశిక్షల మీద నాకున్న అభ్యంతరాలు వేరు. సాక్షులు, వాదన, తీర్పు ఉన్న దారి మాత్రం తిరుగుబోతు కులపు స్త్రీ కేసులోనే నడిచింది, అందరూ ఏడ్చిన కేసులో నడవలేదు. ఈ సంగతి మన పత్రికల్లో తగినంత చర్చకు రాలేదు.

విమర్శ చేయగల పని

సాహిత్యం చదువుకున్న మనం దీనికి ఏం చేయగలం? చదవగలం. విశేషణాన్ని పట్టుకోవడం, ఎవరి గొంతుతో కథ నడుస్తోందో చూడటం, ఏ పాత్రకు మాట లేదో గమనించడం మన పని. ఎఫ్.ఐ.ఆర్., రిమాండు రిపోర్టు, తీర్పు కూడా కథనాలే. వాటిలో ‘అలవాటు’, ‘నడవడిక’, ‘పాత నేరస్తుడు’ అన్న మాటలు ఎక్కడ వస్తాయో, ఎవరి పేరు పక్కన వస్తాయో, ఏ సాక్ష్యం లేనిచోట వస్తాయో గీత గీసి చూపించవచ్చు. యక్షగానం పాఠం చెప్పేటప్పుడు ఎరుకత ఛందస్సుతో పాటు 1911 చట్టం కూడా అదే తరగతిలో చెప్పవచ్చు. రెండూ కలిపి చదివితేనే వేషానికి దక్కిన గౌరవం, మనిషికి పడిన శిక్ష ఒకే కథలో భాగమని తెలుస్తుంది.

ఇది వట్టి తరగతి గది పని కాదు. జైళ్ళలో కులం ప్రకారం పనులు పంచుతున్నారని రాసింది సుకన్య శాంత అనే విలేకరి. ఆమె రాతే కేసయింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ నిబంధనల్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. విముక్త జాతుల్ని పుట్టుకతో అలవాటు నేరస్తులుగా చూసే జైలు మాన్యువళ్ళ రాతల్ని తప్పుపట్టింది, ఆ జాతులవాళ్ళను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడమని పోలీసులకు చెప్పింది. నియమావళిని పాఠ్యంగా చదివిన ఒక స్త్రీ, అందులోని మాటను వేలు పెట్టి చూపిస్తే ఇంత జరిగింది. కళ్యాణదుర్గం పెద్దామె కొట్టం దాకా ఆ తీర్పు చేరడం ఇంకా మిగిలి ఉన్న పని.

ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో ఎరుకల పేరు పక్కన కొన్ని ఉపశాఖల పేర్లున్నాయి. కొరచ, దబ్బ ఎరుకల, కుంచపురి ఎరుకల, ఉప్పు ఎరుకల. వెదురు దబ్బలు చీల్చినవాళ్ళు, సాలెల మగ్గాలకు కుంచెలు కట్టినవాళ్ళు, ఉప్పు మోసినవాళ్ళు. రాజ్యం ఒక చేత్తో వాళ్ళను దొంగలని రాసుకుంటూనే రెండో చేత్తో వాళ్ళ పనుల పేర్లను ఈ జాబితాలో రాసి దాచింది. కులవృత్తి తర్కంతో చట్టం చేసినవాళ్ళు చదవకుండా వదిలేసిన సాక్ష్యం అది.